ఒక అంగుళం

నేను కుట్టిన ప్యాంట్లు చిరిగి వెనక్కి వచ్చాయి. కరాటేతో నా పరిచయం అలా మొదలైంది.

మాది కాకినాడ, జగన్నాథపురం. ఇంటి ముందు గదే నా కుట్టు షాపు. పంతొమ్మిదేళ్లుగా ఎక్కువగా జాకెట్లే కుడుతున్నాను. స్కూళ్లు తెరిచే రోజుల్లో పిల్లల యూనిఫారాలు వస్తాయి. 2021 డిసెంబరులో ఒక కుర్రాడు వచ్చాడు, పాతికేళ్లు దాటి ఉంటాయేమో. మా వెనక వీధి స్కూలు ఆవరణలో పొద్దున్నే పిల్లలకి కరాటే నేర్పుతున్నానని చెప్పాడు. బయటినుంచి తెప్పించిన డ్రెస్సులు ఒకరికి పొడుగు, ఒకరికి పొట్టి అవుతున్నాయి, కొలతలు తీసుకుని పన్నెండు డ్రెస్సులు కుట్టిపెట్టండి అన్నాడు. చూసి కుట్టడానికి పాతదొకటి ఇచ్చి వెళ్లాడు.

ఆ పాత ప్యాంటులో కాళ్ల సందున నాలుగు పలకల ముక్క ఒకటి అతికి ఉంది. పిల్లల ప్యాంట్లే కదా, గుడ్డ కలిసొస్తుంది అని ఆ ముక్క లేకుండానే కుట్టేశాను. పది రోజులు తిరక్కుండా అయిదు ప్యాంట్లు వెనక్కి వచ్చాయి. అన్నీ ఒకే చోట చిరిగాయి. కుట్టు తెగలేదు, గుడ్డే చిరిగింది. కుట్టు తెగితే దారం మంచిది కాదని సర్దిచెప్పుకోవచ్చు. గుడ్డ చిరిగిందంటే తప్పు కత్తిరింపుది. నాకు చాలా కష్టమనిపించింది.

"అసలు వేసుకుని ఏం చేస్తారో ఒకసారి చూపించండి మాస్టారూ" అన్నాను.

స్టూలు పక్కకి జరిపి, ఆ ఇరుకులోనే కాళ్లు బాగా ఎడంగా పెట్టి, మోకాళ్లు బయటికి వంచి కిందకి కూర్చున్నట్టు నిలబడ్డాడు. "దీన్ని కిబా దాచి అంటారక్కా. గుర్రమ్మీద కూర్చున్నట్టు." తర్వాత మోకాలు గుండెదాకా లేపి ముందుకి ఒక్క తన్ను తన్నాడు. నా కళ్లు ఆయన ప్యాంటు మీదే ఉన్నాయి. ముందు కుట్టు, వెనక కుట్టు, రెండు కాళ్ల లోపలి కుట్లు, నాలుగూ వచ్చి కలిసేది ఒక్క చుక్క దగ్గర. కాలు ఎటు లాగినా ఆ లాగుడంతా ఆ చుక్క మీదే పడుతోంది. పలక ముక్క వేస్తే ఆ ఒక్క చుక్కా నాలుగు మూలలుగా విడిపోతుంది. లాగుడు నాలుగు వైపులకీ పంచుకుపోతుంది. ఎవరు కనిపెట్టారో గానీ, కాలు ఎత్తేవాళ్ల బాధ తెలిసినవాళ్లే కనిపెట్టారు.

పన్నెండు ప్యాంట్లూ విప్పి, ముక్క వేసి, నా ఖర్చుతో మళ్లీ కుట్టాను. ఇచ్చేముందు రాత్రి ఒక పెద్ద సైజు ప్యాంటు నేనే వేసుకుని, తలుపు గడియపెట్టి, అద్దం ముందు నిలబడి ఆయన చేసినట్టు మోకాలు లేపి తన్ని చూశాను. గుడ్డ ఎక్కడా పట్టలేదు. దాంతోపాటు ఇంకొకటి జరిగింది. రోజుకి తొమ్మిది పది గంటలు మిషను ముందు వంగి కూర్చునే మనిషిని, నా తుంటిలో ఎన్నేళ్లుగానో బిగుసుకుని ఉన్నదేదో వదులైనట్టనిపించింది. ఇంకో పదిసార్లు తన్నాను. అప్పటికి నాకు 41 ఏళ్లు.

డ్రెస్సులు తీసుకోవడానికి వచ్చినప్పుడు అడిగాను, "నా వయసువాళ్లు నేర్చుకోవచ్చా మాస్టారూ?" అని. ఆయన ఫోను తీసి ఒక వీడియో చూపించాడు. కొన్ని నెలల కిందటే, 2021 ఆగస్టులో, టోక్యో ఒలింపిక్స్‌లో మొట్టమొదటిసారి కరాటే పెట్టారు. ఆడవాళ్ల కతాలో, అంటే ఒక్కరే నిలబడి కదలికలు చేసి చూపించే పోటీలో, బంగారు పతకం గెలిచిన స్పెయిన్ ఆవిడ సాండ్రా సాంచెజ్‌కి అప్పటికి 39 ఏళ్లు. తెల్ల డ్రెస్సులో ఒక్కతే నిలబడి కదులుతోంది. చెయ్యి విసిరిన ప్రతిసారీ గుడ్డ చప్పుడు ఫోనులోకి వినిపిస్తోంది. ఆ డ్రెస్సు భుజం దగ్గర ఎలా కూర్చుందో, చెయ్యి లేపినా నడుం దగ్గర ఎందుకు పైకి రావడం లేదో నేను చూస్తున్నాను. మాస్టారు మాత్రం "ఆవిడ ముఖం చూడండక్కా" అన్నారు.

2022 మార్చిలో చేరాను. నెలకి 500 రూపాయలు. సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున్న అయిదున్నర నుంచి ఆరూ ముప్పావు దాకా.

ఇంట్లో చెబితే మా ఆయన "మోకాళ్లు జాగ్రత్త" అన్నారు, అంతే. మా అత్తగారు మాత్రం చాలాసేపు ఆలోచించి, "ఎవరితోనైనా గొడవా అమ్మా?" అని మెల్లగా అడిగింది. ఎవరితోనూ లేదత్తయ్యా అన్నాను. ఆవిడ నమ్మలేదనుకుంటాను. వారం రోజులు షాపులోకి ఎవరొచ్చినా వచ్చి పక్కన కూర్చునేది.

నాలుగున్నరకి లేచి, పప్పు నానబోసి, స్నానం చేసి, డ్రెస్సు మీద పెద్ద చున్నీ కప్పుకుని వెళ్లేదాన్ని. గేటు దగ్గర చెప్పులు వరసగా, మడమలు గోడవైపు పెట్టి విడవాలి. లోపలికి అడుగుపెట్టేముందు వంగి నమస్కారం. వరసలో నిలబడటం వయసుని బట్టి కాదు, బెల్టుని బట్టి. తెల్ల బెల్టువాళ్లలో చివర చేరింది నేను కాబట్టి ఒకటో తరగతి పిల్లాడి తర్వాత నా చోటు. పిల్లలందరికీ నేను ఆంటీనే, కానీ వాళ్లెవరూ నా ముందుకి జరగలేదు, నన్ను ముందుకి జరగనివ్వలేదు. ఆ క్రమం నాకు నచ్చింది. ఇంటి దగ్గర, చుట్టాల్లో, పేరంటాల్లో నా చోటేదో ముందే ఎవరో నిర్ణయించి ఉంటారు. ఇక్కడ నేర్చుకున్నదాన్ని బట్టి జరుగుతూ పోవడమే.

పిడికిలి బిగించడం అందరికీ వచ్చనుకుంటాం. మొదటి రెండు తరగతులూ నాకు అదే సరిపోయింది. నాలుగు వేళ్లూ కొసల దగ్గర్నుంచి చుట్టుకుంటూ అరచేతిలోకి దించాలి, తమలపాకు చుట్టినట్టు. బొటనవేలు లోపల పెట్టకూడదు, పక్కకి నిలపకూడదు. చూపుడు వేలు, మధ్యవేలు మీదుగా బయటినుంచి అడ్డంగా నొక్కిపట్టాలి. తగలాల్సింది ఆ రెండు వేళ్ల మెటికలే. మణికట్టు వంగకూడదు. కత్తెర పట్టీపట్టీ నా కుడి బొటనవేలి మొదట్లో కాయ కాసి ఉంటుంది. చూపుడు వేలి కొస కొంచెం పక్కకి తిరిగి ఉంటుంది. ఆ వేలు పూర్తిగా మడతపడటానికి నెల పట్టింది. మాస్టారు నా పిడికిలి పట్టుకుని చూసి "ఇది పనిచేసిన చెయ్యి అక్కా, బలం ఉంది, తొందరపడకండి" అన్నారు.

బలం ఎక్కడినుంచి వస్తుందో అర్థమైంది మాత్రం రెండో చేతివల్ల. కుడిచేత్తో గుద్దుతుంటే ఎడమ చెయ్యి అంతే వేగంగా వెనక్కి, నడుం పక్కకి రావాలి. దాన్ని హికితే అంటారు. కొత్తవాళ్లందరూ కొట్టే చేతినే చూసుకుంటారు, వెనక్కి వచ్చే చెయ్యి గాలికి వదిలేస్తారు. నాకు అది తొందరగా పట్టుబడింది. చేత్తో కుట్టేటప్పుడు సూది గుచ్చడం ఒక ఎత్తు, దారం లాగడం ఒక ఎత్తు. కుట్టు బిగిసేది లాగినప్పుడే.

కాళ్ల సంగతి వేరు. జెన్‌కుత్సు దాచి అని, ముందు మోకాలు వంచి, వెనక కాలు చాపి, పొడుగ్గా నిలబడే పద్ధతి ఉంది. అందులో ఇచి, ని, సాన్, షి, గో అని లెక్కపెడుతూ ఆవరణ ఈ చివరినుంచి ఆ చివరికి గుద్దుకుంటూ నడవాలి. మొదటి నెల పిక్కలు ఎంత పట్టేసేవంటే మిషను తొక్కుతుంటే కళ్లల్లో నీళ్లు తిరిగేవి. రాత్రి అత్తగారు ఆముదం వేడిచేసి తెచ్చి పిక్కలకి రాసేది. రాస్తూ "ఇవాళ ఏం చెప్పారు?" అని అడిగేది. గొడవేమీ లేదని ఆవిడకి నమ్మకం కుదిరింది ఆ రాత్రుల్లోనే.

మొదట నేర్పిన కతా హెయాన్ షోదాన్. కతా అంటే ఎదురుగా మనుషులున్నట్టు ఊహించుకుని, ఒక వరసలో, ఒక దారిలో చేసే కదలికలు. ఇందులో 21 ఉంటాయి. దారిని పైనుంచి చూస్తే అచ్చం నిలబెట్టిన దారపు రీలులా ఉంటుంది. కింద ఒక అడ్డగీత, మధ్యలో నిలువు, పైన ఇంకో అడ్డగీత. కింద గీత మధ్యలో మొదలుపెట్టి, అంతా తిరిగి, మళ్లీ అక్కడికే రావాలి. ఒకినావాలో ఇతోసు అంకో అనే గురువు బడిపిల్లలకి నేర్పడం కోసం ఇలాంటివి అయిదు తయారుచేశారు. వాటిని పినాన్ అనేవారు. ఆయన శిష్యుడు ఫునకోషి గిచిన్ వాటినే తర్వాత హెయాన్ అన్నారు. ఆ మాటలో శాంతి అనే అర్థం ఉంది.

ఫునకోషి గురించి ఇక్కడే చెప్పాలి. ఆయన 1868లో పుట్టిన ఒకినావా బడిపంతులు. 1922లో, యాభై దాటాక, కరాటే చేసి చూపించడానికి టోక్యో వెళ్లి, అక్కడే ఉండిపోయి, విద్యార్థుల వసతిగృహంలో ఊడ్చే పని కూడా చేసుకుంటూ నేర్పారు. జూడో స్థాపించిన కానో జిగోరో పిలిస్తే ఆయన బడిలో కరాటే చూపించారు. అప్పటికి కరాటేకి వేరే డ్రెస్సంటూ లేదు. జూడో డ్రెస్సుని చూసి, తెల్లగుడ్డ కొని, ఫునకోషి తన చేత్తోనే కుట్టారని ఆ రోజు ఆయనతో కలిసి చేసిన కుర్రాడు తర్వాత చెప్పుకున్నాడట. ఈ సంగతి మాస్టారు చెప్పినప్పుడు నేను కాజాలు కుడుతున్నాను. సూది పక్కన పెట్టి మళ్లీ చెప్పించుకున్నాను.

కతా ఇంట్లో చేసుకోవడానికి డాబా మీద సుద్దముక్కతో ఒక గుర్తు పెట్టుకున్నాను. మొదలుపెట్టేటప్పుడు ఆ గుర్తు మీద నిలబడతాను. 21 అయ్యాక ఎక్కడ తేలానో టేపుతో కొలుస్తాను. మొదటి రోజు 22 అంగుళాలు. అడుగులన్నీ ఒకే పొడవు లేకపోతే, తిరిగే చోట కాలు సరిగ్గా పెట్టకపోతే, ఆ తప్పులన్నీ కలిసి చివర్లో బయటపడతాయి. చంక దగ్గర పావు అంగుళం పోతే నడుం దగ్గర జాకెట్టు ఎలా తిరిగిపోతుందో అలాగ. వారానికోసారి సుద్దతో పిట్టగోడ మీద రాసేదాన్ని. 22, 19, 20, 14. వానలు పడి చెరిగిపోయేవి, మళ్లీ రాసేదాన్ని. సెప్టెంబరుకి నాలుగు అంగుళాలకి వచ్చింది. ఆ నెలే పసుపు బెల్టు వచ్చింది.

కతాలో రెండుచోట్ల, తొమ్మిదో కదలిక దగ్గర, పదిహేడో కదలిక దగ్గర, కియాయ్ ఉంటుంది. పొట్టలోంచి ఊపిరి ఒక్కసారిగా వదులుతూ వేసే కేక. నా వయసు ఆడవాళ్లకి అది చాలా కష్టమంటారు గానీ నాకు కాలేదు. ముగ్గురు అన్నదమ్ముల మధ్య పెరిగినదాన్ని, గొంతు ఎప్పుడూ ఉంది. నాకు కష్టమైంది వేరే.

పసుపు బెల్టు వచ్చాక కుమితే మొదలైంది, అంటే ఎదురుగా మనిషితో. మొదట నేర్పేది గోహోన్ కుమితే. ఒకరు అయిదు అడుగులు ముందుకేస్తూ ముఖం మీదకి అయిదు గుద్దులు గుద్దుతారు. రెండోవాళ్లు అయిదు అడుగులు వెనక్కి వేస్తూ చేత్తో పైకి ఆపుతారు, చివరి దాని తర్వాత తిరిగి గుద్దుతారు. ఎవరు ఏం చేస్తారో ముందే తెలుసు. అయినా అది ఆట కాదు. నాకు జోడీ ఆరో తరగతి పిల్ల, పదకొండేళ్లు. ఆ పిల్ల వేసుకున్న డ్రెస్సు నేను కుట్టిందే.

ఆ పిల్ల నా మీదకి గుద్దితే బాగా ఆపేదాన్ని. నా వంతు వచ్చేసరికి నా గుద్దు ఆ పిల్ల ముఖం దాకా వెళ్లేది కాదు. అడుగు వేసేదాన్ని, చెయ్యి చాపేదాన్ని, చెయ్యి ఎక్కడో ముందే ఆగిపోయేది. చూసేవాళ్లకి బాగానే ఉండేది. మాస్టారు రెండు వారాలు ఊరుకున్నారు. ఒకరోజు క్లాసు తర్వాత కొత్తపిల్లల కొలతలు తీసుకోవాల్సి ఉండి నా సంచిలో టేపు ఉంది. "అక్కా, టేపు ఇలా ఇవ్వండి" అన్నారు. నన్ను ఆఖరి గుద్దు దగ్గర అలాగే ఉండమని, నా మెటికలకీ ఆ పిల్ల మూతికీ మధ్య టేపు పట్టారు. తొమ్మిది అంగుళాలు.

"ఈ పిల్ల చెయ్యి ఎత్తకుండా నిలబడినా ఇది తగలదు. తగలని గుద్దుని ఆపడం నేర్చుకుంటోంది మీ దగ్గర. రేపు తగిలేది వస్తే దానికి తెలిసేదెలా?" అన్నారు. "ఒక అంగుళం దాకా రావాలక్కా. అంగుళం దగ్గర ఆగాలి. రెండూ రావాలి."

నాకు నోట మాట రాలేదు. ఆ పిల్ల మీద దయ చూపిస్తున్నాననుకున్నాను.

ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. మా అబ్బాయికి అయిదేళ్లప్పుడు ఒకరోజు, మాఘమాసం పెళ్లిళ్ల హడావుడిలో, పెళ్లికూతురి జాకెట్టు మీద వాడు రంగునీళ్లు పోశాడు. నేను వెనక్కి తిరిగి కొట్టాను. చూసుకోకుండా, బలంగా. వాడు వెళ్లి మంచం కోడుకి తగిలి కింద పెదవి తెగింది. రెండు కుట్లు పడ్డాయి. ఆ తర్వాత ఇన్నేళ్లలో ఎవరి మీదా చెయ్యి లేపలేదు. లేపలేదని అందరూ నన్ను శాంతమూర్తి అనేవాళ్లు. నిజానికి నా చెయ్యంటే నాకు భయం. లేస్తే ఎక్కడ ఆగుతుందో నాకు తెలీదు. ఆ తొమ్మిది అంగుళాలు ఆ భయానివి.

2023 ఫిబ్రవరిలో నారింజ బెల్టు పరీక్ష. బయటూరినుంచి ఒక పెద్దాయన వచ్చారు పరీక్ష చెయ్యడానికి. కతా బాగా చేశాను. కుమితేలో మళ్లీ చెయ్యి ముందే ఆగిపోయింది. ఆయన ఏమీ అనలేదు, కాగితం మీద రాసుకున్నారు. ఆ సాయంత్రం పాసైనవాళ్ల పేర్లలో నా పేరు లేదు. చిన్నపిల్లలు తల్లిదండ్రులతో ఫొటోలు దిగుతుంటే పసుపు బెల్టు మళ్లీ కట్టుకుని ఇంటికొచ్చాను. 600 రూపాయల ఫీజు పోయింది, దానికి బాధలేదు. మా వీధి కుర్రాడొకడు వేరే చోట ఏడాదిన్నరలో బ్లాక్ బెల్టు తెచ్చుకున్నాడు. పరీక్ష పరీక్షకీ వేలల్లో కట్టించుకున్నారని వాళ్లమ్మ చెప్పింది. ఆ అబ్బాయి పిడికిలిలో బొటనవేలు ఇప్పటికీ లోపలే ఉంటుంది. పాపం వాడి తప్పు కాదు. బెల్టు కట్టి పంపేసినవాళ్లు ఆ పిల్లాడి వేలు విరిగే రోజు పక్కన ఉండరు. నన్ను ఆపిన పెద్దాయన నాకు మేలు చేశారు. నా గుద్దుని ఆయన నిజంగా చూశారు కాబట్టే ఆపారు.

ఆ వారమే డాబా మీద బట్టలారేసే తీగకి ఒక దారం కట్టి, కొసన చొక్కా గుండీ వేలాడదీశాను. గుండీ ఆ పిల్ల మూతి ఎత్తులో. దానికి ఎదురుగా నిలబడి అడుగు వేస్తూ గుద్దాలి, గుండీకి అంగుళం దూరంలో ఆపాలి. తగిలితే గుండీ తిరుగుతుంది. ముందే ఆగితే ఏమీ అవదు. సరిగ్గా వెళ్లి ఆగితే చేతి గాలికి గుండీ కొంచెం వణుకుతుంది. రోజుకి వంద. ఆపడం అంటే బ్రేకు వెయ్యడం కాదని అక్కడ తెలిసింది. చెయ్యి భయంతో ఆగితే భుజం ముందే బిగుసుకుపోతుంది, గుద్దు చచ్చిపోతుంది. భుజం వదులుగా ఉండి, నడుం తిరిగి, వెనక చెయ్యి బిగిసిన క్షణానికే ముందు చెయ్యి కూడా బిగిసి ఆగాలి. నేను కత్తెర వేసేటప్పుడు సుద్దగీత దగ్గర ఆగడం అలాగే ఉంటుంది. గీత దాకా ధైర్యంగా వెళ్తాను, గీత దాటను. చేతిలో ఉన్న విద్యే, ఇంకో పనికి తెచ్చుకోవడానికి నాలుగు నెలలు పట్టింది.

మధ్యలో ఒక దెబ్బ. ఏప్రిల్‌లో క్లాసులో ప్యాడ్ మీద గుద్దుతూ పిడికిలి సరిగా బిగించకుండా తొందరపడ్డాను. మధ్యవేలు కణుపు దగ్గర బెణికి వాచిపోయింది. డాక్టరు పక్కవేలితో కలిపి కట్టుకట్టారు. పన్నెండు రోజులు కత్తెర పట్టలేదు. చేతిమీద బతికే మనిషికి పన్నెండు రోజులంటే చిన్న సంగతి కాదు. నలుగురు వేరే షాపుకి వెళ్లిపోయారు, వాళ్లలో ఇద్దరు తిరిగి రాలేదు. నాలాంటి పనిచేసేవాళ్లెవరైనా చేరాలనుకుంటే ఇది ముందే తెలుసుకోవాలని రాస్తున్నాను. పిడికిలి పూర్తిగా కుదిరేదాకా ప్యాడ్ జోలికి వెళ్లకండి, ఎంత సరదాగా ఉన్నా సరే.

శ్రావణమాసం వస్తే క్లాసులు తప్పుతాయి. వరలక్ష్మీ వ్రతం ముందు వారం రాత్రి ఒంటిగంట దాకా మిషను నడుస్తుంది, నాలుగున్నరకి లేవలేను. తుపాను రోజుల్లో డ్రెస్సు ఆరదు. కరాటే గుడ్డ మందం, ఫ్యాను కింద రెండు రోజులైనా చెమ్మ వాసన పోదు, అందుకని రెండో జత కుట్టుకున్నాను. నీలిమందు కొంచెమే వెయ్యాలి, ఎక్కువైతే భుజాల దగ్గర మరకలు కడుతుంది. నెలకో ఆదివారం మాస్టారు అందరినీ వాకలపూడి బీచికి తీసుకెళ్తారు. ఇసకలో అడుగు వేస్తే మడమ దిగిపోతుంది, తుంటి బలంతోనే లేవాలి. ఆ రోజులు నాకు పండగ. సముద్రం చప్పుడుకి కియాయ్ కలిసిపోతుంది.

జూన్‌లో ఒక సాయంత్రం డాబా మీద గుండీతో చేస్తున్నాను. మా అబ్బాయి బట్టలు తియ్యడానికి పైకి వచ్చి కాసేపు చూశాడు. వాడికి పదిహేనేళ్లు, నాకంటే పొడుగు. బకెట్టు కింద పెట్టి గుండీ వెనక నిలబడ్డాడు. "నా మీద చెయ్యి" అన్నాడు. వద్దన్నాను. ఎదుటి గుద్దుని చేత్తో ఆపడం రానివాళ్ల మీద చెయ్యొద్దని మాస్టారు చెప్పారన్నాను. "మెల్లగా చెయ్యి" అన్నాడు.

దారం పక్కకి జరిపాను. మొదట చాలా మెల్లగా, అడుగు కూడా వెయ్యకుండా. తర్వాత అడుగుతో. తర్వాత కొంచెం వేగంగా. చెయ్యి వెళ్లి వాడి మూతికి అంగుళం ఇవతల ఆగింది. కింద పెదవి మీద ఆ సన్నటి తెల్ల గీత నా మెటికల పక్కనే కనిపిస్తోంది. వాడు రెప్ప వెయ్యలేదు. చెయ్యి తియ్యకుండా అలాగే ఉండి అడిగాను, ఆ దెబ్బ ఎలా తగిలిందో గుర్తుందా అని.

"మంచం మీంచి పడ్డాను కదా" అన్నాడు.

కాదు, నేను కొట్టాను అని చెప్పాను. మొత్తం చెప్పాను. రంగునీళ్లు, జాకెట్టు, అంతా. వాడు విని, పెదవి వేలితో తడుముకుని, "నాకు గుర్తులేదమ్మా" అన్నాడు. కాసేపాగి బట్టల బకెట్టు తీసుకుని మెట్లు దిగాడు. సగం మెట్ల మీదినుంచి "అన్నం పెట్టెయ్యనా?" అని అరిచాడు. చీకటి పడేదాకా నేను పైనే ఉన్నాను.

ఆ పై వారం క్లాసులో ఆ పిల్లకి ఎదురుగా నిలబడ్డాను. "జోదాన్" అని చెప్పి, అంటే ముఖం మీదకి వస్తున్నానని చెప్పి, వెళ్లాను. మొదటి గుద్దుకి ఆ పిల్ల కళ్లు పెద్దవయ్యాయి. రెండోదానికి చెయ్యి ఆలస్యమైంది, నా పిడికిలి అంగుళం దగ్గర ఆగింది. మూడోదానికి ఆ పిల్ల చెయ్యి వచ్చి నా ముంజేతికి ఎంత గట్టిగా తగిలిందంటే మూడు రోజులు నల్లగా ఉంది. నాలుగు, అయిదు అలాగే. చివర్లో ఆ పిల్ల తిరిగి గుద్దుతూ వేసిన కియాయ్‌కి చెట్టు మీద కాకులు లేచాయి. ఇద్దరం వంగి నమస్కారం పెట్టుకున్నాం. "ఆంటీ, ఇంకోసారి?" అంది.

ఆగస్టులో నారింజ, మరుసటేడు ఆకుపచ్చ వచ్చాయి. నారింజ పరీక్షకి ఆ పెద్దాయనే వచ్చారు. నా ముంజేతి మీద మళ్లీ పడ్డ నలుపు చూసి, ఏమీ అడక్కుండా తల ఊపారు.

మొన్న ఆ పిల్ల వాళ్లమ్మతో షాపుకి వచ్చింది. ఇప్పుడు తొమ్మిదో తరగతి. డ్రెస్సు పొట్టయిపోయింది, మడమల పైకి వచ్చేసింది. పిల్లల ప్యాంట్లకి నేను కింద లోపలికి మూడు అంగుళాల మడత వదిలి కుడతాను, ఒకటి రెండేళ్లకి విప్పుకోవచ్చని. పోయినేడు కొత్తగా కుట్టినదానికీ అలాగే వదిలాను. కొలిస్తే మడతంతా విప్పినా సరిగ్గా సరిపోయేలా ఉంది, ఒక్క నూలు మిగలదు. నిలబెట్టి మూతి ఎత్తు కూడా కొలిచాను. ఎందుకని వాళ్లమ్మ అడిగితే ఆ పిల్లే నవ్వింది.

రాత్రి పని అయ్యాక మడత విప్పి, పాత గీత కనబడకుండా ఇస్త్రీ చేసి, కొస కుట్టేశాను. తర్వాత టార్చి పట్టుకుని డాబా మీదకి వెళ్లి, గుండీ దారాన్ని మూడు అంగుళాలు పైకి ముడివేశాను.